మధుమేహంలో రక్తకణాలకు ఉసిరి ఏ మేరకు రక్ష?

రాయ్‌పూర్ నగరానికి ఉత్తరాన, బిలాస్‌పూర్ వెళ్లే దారిలో ఉంటుంది బీర్‌గావ్. ఉర్లా పారిశ్రామిక వాడను ఆనుకుని పెరిగిన పట్టణమిది. చుట్టూ ఇనుము, ఉక్కు కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు. వాటిలో పనికోసం అనేక రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఇక్కడ స్థిరపడ్డారు. రైల్వే కొలువులతో ఏనాడో రాయ్‌పూర్, బిలాస్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలూ ఈ ప్రాంతానికి కొత్తకాదు. కార్తీక మాసం వచ్చిందంటే తెలుగువారు ఉసిరి చెట్టు కింద వనభోజనాలు చేస్తారు. ఛత్తీస్‌గఢ్ వారు అదే మాసంలో శుద్ధ నవమినాడు ‘ఆంవ్లా నవమి’ పేరుతో అదే చెట్టు కింద వండుకుని తింటారు. భాషలు వేరైనా చెట్టు ఒక్కటే.

ఛత్తీస్‌గఢ్‌లో నలభై శాతానికి పైగా అడవే. కరక్కాయ, తానికాయ, ఉసిరి అక్కడి ప్రజలు ఏటా సేకరించే అటవీ ఫలసాయంలో ముఖ్యమైనవి. ఆ ఉసిరే రసంగా, పొడిగా, మురబ్బాగా మారి పట్నం దుకాణాల్లోకి వస్తుంది. అక్కడ దానికి ఇంకో పేరు తోడవుతుంది: ‘షుగర్‌కు మందు’. రోజూ పొద్దున్నే పరగడుపున ఉసిరి రసం తాగితే చాలని, మాత్రలు మానేయవచ్చని సలహా ఇచ్చేవారికి ఏ ఊళ్లోనూ కొదవ లేదు.

ఈ నమ్మకంలో నిజమెంత? ఉసిరి మీద జరిగిన మంచి పరిశోధనల్లో కొన్ని హైదరాబాద్‌లోనే జరిగాయి. అవి చెప్పే జవాబు ‘అవును’ అనో ‘కాదు’ అనో ఒక్క మాటలో తేలేది కాదు. చక్కెర తగ్గిందా లేదా అన్న ప్రశ్నను కాసేపు పక్కనపెట్టి, ఆ చక్కెర వల్ల రక్తకణం లోపల ఏం జరుగుతోందో చూస్తే గానీ ఆ జవాబు అర్థం కాదు.

తలుపు మూసుకోలేని కణం

మన శరీరంలో కండరాలు, కొవ్వు కణాలు రక్తంలోని గ్లూకోజును తీసుకోవడానికి ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ వచ్చి తలుపు తడితేనే అవి గ్లూకోజును లోపలికి రానిస్తాయి. ఎర్ర రక్తకణానికి ఈ ఏర్పాటు లేదు. దాని పొరమీద ఉండే గ్లూకోజు వాహక ప్రోటీన్లు ఇన్సులిన్‌తో పనిలేకుండా ఎప్పుడూ తెరిచే ఉంటాయి. రక్తంలో చక్కెర ఎంత పెరిగితే కణం లోపలా అంత పెరుగుతుంది.

పైగా ఎర్రకణానికి కేంద్రకం లేదు. మైటోకాండ్రియా లేవు. దెబ్బతిన్న ప్రోటీను స్థానంలో కొత్తది తయారు చేసుకునే శక్తి దానికి లేదు. ఎముక మజ్జలో పుట్టినప్పుడు వెంట తెచ్చుకున్న సరంజామాతోనే సుమారు 120 రోజుల ఆయుష్షు వెళ్లదీయాలి. అందుకే అది చక్కెర ప్రభావాన్ని తనలో నమోదు చేసుకునే సాక్షిలా పనిచేస్తుంది.

ఆ సాక్ష్యాన్ని మొదట పసిగట్టినవారిలో ఇరాన్ శాస్త్రవేత్త శామ్యూల్ రహ్‌బర్ ఒకరు. 1968లో టెహ్రాన్‌లో ఆయన మధుమేహ రోగుల రక్తంలో ఒక అసాధారణ హిమోగ్లోబిన్‌ను గమనించారు. అది గ్లూకోజు అంటుకున్న హిమోగ్లోబిన్. ఎంజైము ప్రమేయం లేకుండానే చక్కెర ప్రోటీనుకు అతుక్కునే ఈ చర్యను గ్లైకేషన్ అంటారు. నేడు ‘మూడు నెలల షుగర్ పరీక్ష’ అని అందరూ పిలిచే హెచ్‌బీఏ1సీ పరీక్షకు మూలం అదే. మొత్తం హిమోగ్లోబిన్‌లో గ్లూకోజు అంటుకున్న భాగం 5.7 శాతం లోపు ఉంటే మామూలు, 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. వీరిలో ఎందరి చికిత్సో ఈ ఎర్రకణం ఇచ్చే అంకె మీదే నడుస్తుంది.

లోపల జరిగే నష్టం

కణంలోకి అదనంగా చేరిన గ్లూకోజు హిమోగ్లోబిన్‌కు అంటుకోవడంతో ఆగదు. కొంత భాగం వేరే దారి పడుతుంది. ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము దాన్ని సార్బిటాల్ అనే పదార్థంగా మారుస్తుంది. మామూలు రోజుల్లో ఈ దారిలో పెద్దగా రద్దీ ఉండదు. చక్కెర పెరిగినప్పుడు మాత్రం సార్బిటాల్ పోగుపడుతుంది. అది కణం పొరను దాటి తేలికగా బయటికి పోలేదు.

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. గ్లూకోజును సార్బిటాల్‌గా మార్చడానికి ఆ ఎంజైము ఎన్‌ఏడీపీహెచ్ అనే సహాయక అణువును ఖర్చు చేస్తుంది. ఎర్రకణానికి ఆ అణువు మరో ముఖ్యమైన పనికి కావాలి. కణాన్ని ఆక్సీకరణ దెబ్బల నుంచి కాపాడే గ్లూటాథయోన్‌ను అది ఎప్పటికప్పుడు తిరిగి పనికి సిద్ధం చేస్తుంది. ఇంటి తాళాలు కొనడానికి దాచిన డబ్బును వేరే పనికి వాడేసినట్టు, ఎన్‌ఏడీపీహెచ్ సార్బిటాల్ తయారీకి పోతే కాపలా సన్నగిల్లుతుంది.

ఎర్రకణానికి ఈ కాపలా ప్రాణావసరం. అది మోసేది ఆక్సిజన్, దాని నిండా ఉన్నది ఇనుము. ఈ రెండూ కలిసిన చోట స్వేచ్ఛా రాడికల్స్ అనే చురుకైన అణువులు నిరంతరం పుడుతూనే ఉంటాయి. కాపలా తగ్గితే అవి పొరలోని కొవ్వుల మీద దాడి చేస్తాయి. పొర బిరుసెక్కుతుంది. ఎర్రకణం వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు. అది దూరాల్సిన సూక్ష్మ రక్తనాళాల్లో కొన్ని అంతకన్నా ఇరుకు. ఒళ్లు వంచగల కణమే అందులోంచి జారిపోగలదు. బిరుసెక్కిన కణం తడబడుతుంది. కంటి రెటీనా, మూత్రపిండం, పాదాల నరాలు ఇలాంటి సన్నని నాళాల మీదే ఆధారపడి ఉన్నాయి. మధుమేహం మొదట దెబ్బతీసేదీ వీటినే.

తార్నాకలో ఎలుకలకు ఉసిరి మేత

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు మారింది. అక్కడ జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం చాలా ఏళ్లుగా మధుమేహం వల్ల వచ్చే కంటి జబ్బులను అధ్యయనం చేసింది. కంటి కటకానికి, ఎర్ర రక్తకణానికి ఒక పోలిక ఉంది. రెండింటిలోకీ గ్లూకోజు ఇన్సులిన్ అవసరం లేకుండానే చేరుతుంది. కటకంలోని ముదిరిన తంతు కణాలకూ కేంద్రకం ఉండదు. అక్కడి ప్రోటీన్లు కూడా ఒకసారి చెడితే చెడినట్టే. కటకాన్ని కోసి చూడలేం కనుక, రక్తపు చుక్క దానికి కిటికీలా ఉపయోగపడుతుంది. ఈ బృందం కంటివైద్యులతో కలిసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్న రోగుల ఎర్రకణాల్లో ఆల్డోజ్ రిడక్టేజ్ చురుకుదనం, సార్బిటాల్ మోతాదు ఎక్కువగా కనిపించాయి.

అయితే ఆ ఎంజైమును నెమ్మదింపజేసే పదార్థం మన ఆహారంలో దొరుకుతుందా? వెతుకులాటలో ఉసిరి ముందుకొచ్చింది. ఉసిరిలోని టానాయిడ్లు, అంటే వగరుకు కారణమైన పదార్థాలు, ఆల్డోజ్ రిడక్టేజ్‌ను అడ్డుకుంటున్నాయని ఈ బృందం 2004లో ప్రకటించింది. తర్వాత ఎలుకల మీద పరీక్షించారు. స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీసి ఎలుకలకు మధుమేహం తెప్పించారు. కొన్నింటి మేతలో 2 శాతం ఉసిరి, మరికొన్నింటి మేతలో 0.2 శాతం ఉసిరి టానాయిడ్లు కలిపారు. ఎనిమిది వారాలు వాటి కళ్లను ప్రత్యేక సూక్ష్మదర్శినితో గమనించారు.

2007లో వెలువడిన ఆ ఫలితంలో రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఉసిరి తిన్న ఎలుకల్లో రక్తంలోని చక్కెర తగ్గలేదు. కానీ శుక్లం ముదరడం ఆలస్యమైంది. కటకంలో సార్బిటాల్ తక్కువగా తయారైంది, ఆక్సీకరణ దెబ్బలు తగ్గాయి, ప్రోటీన్లు గడ్డకట్టడం తగ్గింది.

అంటే ఆ ఎలుకల్లో ఉసిరి చేసింది చక్కెరను దించడం కాదు. పెరిగిన చక్కెర చేసే నష్టాన్ని కొంత అడ్డుకోవడం. ఈ తేడా చిన్నది కాదు. వాన ఆగడం వేరు, గొడుగు ఉండడం వేరు. గొడుగు ఉంది కదా అని వరదలో నిలబడకూడదు.

ఉసిరిలో ఈ పని చేస్తున్నది ఏది? చాలామంది విటమిన్ సి అనుకుంటారు. ఉసిరిలో అది పుష్కలంగా ఉన్న మాట నిజమే. ఎన్ఐఎన్ పాత ఆహార పట్టికల్లో వంద గ్రాములకు 600 మిల్లీగ్రాములు అని ఉండేది. 2017 పట్టికల్లో సుమారు 250 మిల్లీగ్రాములుగా ఉంది. అయినా ఎంజైమును అడ్డుకోవడంలో టానాయిడ్లదే ముఖ్యపాత్ర. 2012లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, ఎన్ఐఎన్ పరిశోధకులు కలిసి ఉసిరి నుంచి బీటా గ్లూకోగాలిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మనిషి ఆల్డోజ్ రిడక్టేజ్‌ను తయారుచేసేలా మార్చిన ఎలుకల కటకాలను బయటికి తీసి, చక్కెర ఎక్కువగా ఉన్న ద్రవంలో ఉంచి పరీక్షించారు. ఆ పదార్థం చేర్చినప్పుడు సార్బిటాల్ పోగుపడటం 73 శాతం తగ్గింది.

మనుషుల్లో ఏం తేలింది?

ప్రయోగశాల గిన్నెలో జరిగినదంతా ఒంట్లో జరగదు. ఉసిరిలోని టానాయిడ్లు పెద్ద అణువులు. జీర్ణమండలంలో అవి విడిపోతాయి. పేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని మరో రూపంలోకి మారుస్తాయి. రక్తంలోకి చేరేది కాయలో ఉన్నదే కాకపోవచ్చు. అందుకే మనుషుల మీద జరిగిన పరీక్షలకు విలువ.

అలాంటి ఒక పరీక్ష హైదరాబాద్‌లోని నిమ్స్‌లో జరిగింది. మెట్‌ఫార్మిన్ వాడుతున్న 80 మంది టైప్-2 మధుమేహ రోగులను నాలుగు బృందాలుగా విభజించారు. రెండు బృందాలకు ఉసిరి సారాన్ని 250, 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చారు. మూడో బృందానికి కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్, నాలుగో బృందానికి మందు లేని ఉత్తుత్తి గొట్టాలు ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ, పరీక్షించేవారికీ తెలియకుండా 12 వారాలు నడిపారు. 2013లో ప్రచురితమైన ఫలితాల్లో ఉసిరి సారం తీసుకున్నవారి రక్తంలో గ్లూటాథయోన్ పెరిగింది. పొరల్లోని కొవ్వులు ఆక్సీకరణ చెందినప్పుడు వెలువడే మాలొండైఆల్డిహైడ్ తగ్గింది. రక్తనాళాల లోపలి పొర పనితీరు మెరుగుపడింది. హెచ్‌బీఏ1సీ కూడా కొంత తగ్గింది.

ఆశ కలిగించే ఫలితమే. కానీ దాని పరిమితులూ చూడాలి. నాలుగు బృందాలకు కలిపి 80 మంది, మూడు నెలల కాలం. వాడింది మోతాదు కొలిచి తయారుచేసిన సారం. సీసాలో దొరికే రసం కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వారెవరూ మెట్‌ఫార్మిన్ మానేసి ఉసిరి తీసుకోలేదు. మాత్రకు బదులుగా ఉసిరి పనిచేస్తుందా అన్న ప్రశ్నను ఆ అధ్యయనం అడగనే లేదు.

అదే సంస్థ పరిశోధకులు రక్తఫలకికలను, అంటే ప్లేట్‌లెట్లను కూడా పరిశీలించారు. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి ఇవి గుమిగూడతాయి. మధుమేహంలో ఇవి అవసరానికి మించి జిగురుగా మారతాయి. గుండెపోటు ముప్పు పెరగడానికి అదొక కారణం. కొద్దిమంది మధుమేహ రోగుల మీద 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఉసిరి సారం ప్లేట్‌లెట్లు గుమిగూడటాన్ని తగ్గించింది. ఇది మేలే. కానీ ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు చేసే పనీ ఇదే. అవి వాడుతున్నవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు ఉసిరి సారాన్ని మోతాదుగా తీసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

సాక్షి తప్పు చెబితే?

ఇప్పుడు మళ్లీ బీర్‌గావ్‌కు వద్దాం. ఉసిరి రసం మొదలుపెట్టిన ఒక వ్యక్తి మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ చేయించుకుంటే అంకె తగ్గిందనుకుందాం. అది ఉసిరి మహిమేనా? ఎక్కడైనా ఈ ప్రశ్న అడగాలి. ఛత్తీస్‌గఢ్‌లో మరింత గట్టిగా అడగాలి.

కారణం సికిల్ సెల్. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలోని ఒక అమైనో ఆమ్లం మారడం వల్ల ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే వంశపారంపర్య జబ్బు ఇది. మధ్య భారతంలో ఇది విస్తారంగా ఉంది. రాయ్‌పూర్ వైద్య పరిశోధకులు మూడున్నర లక్షల మందికి పైగా పరీక్షించి 2011లో ప్రచురించిన వివరాల్లో సుమారు 9 శాతం మందిలో ఈ జన్యువు ఒక ప్రతి ఉంది. వీరికి జబ్బు లక్షణాలు సాధారణంగా కనబడవు. తమలో అది ఉందని చాలామందికి తెలియదు కూడా. అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆదిలాబాద్ ప్రాంతాల గిరిజన గూడేల్లోనూ ఈ జన్యువు ఉంది. దీన్ని ఎదుర్కోవడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఈ జన్యువు ఒక ప్రతి ఉన్నవారిలో, రక్తంలో చక్కెర అంతే ఉన్నా హెచ్‌బీఏ1సీ తక్కువగా కనిపించవచ్చని అమెరికాలో ఆఫ్రికన్ అమెరికన్ల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. సగటున 6.01 శాతం చూపాల్సిన చోట 5.72 శాతమే చూపింది. రెండు ప్రతులూ ఉండి జబ్బు ఉన్నవారిలో కణాల ఆయుష్షు బాగా తక్కువ కనుక ఈ పరీక్షను నమ్మలేం. జీ6పీడీ అనే ఎంజైము లోపించినవారిలోనూ అంకె తక్కువ చూపవచ్చు. ఎర్రకణానికి ఎన్‌ఏడీపీహెచ్‌ను సమకూర్చే ఎంజైము అదే. అది లోపిస్తే కణాలు తొందరగా నశిస్తాయి. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో ఇందుకు భిన్నంగా అంకె పెరగవచ్చు.

సూత్రం ఒక్కటే. గ్లూకోజు అంటుకోవడానికి సమయం కావాలి. 120 రోజులు బతకాల్సిన కణం అరవై రోజులకే పోతే, దానికి అంటుకునే చక్కెరా తక్కువే. అప్పుడు తగ్గింది చక్కెర కాదు, కణం వయసు. ఇది తెలియక, అంకె బాగుంది కదా అని మాత్రలు మానేసిన మనిషికి చక్కెర లోలోపల పెరుగుతూనే ఉంటుంది. చూపు మసకబారినప్పుడో, కాలి పుండు మానకపోతేనో గానీ అది బయటపడదు. అందుకే ఇలాంటి సందేహం ఉన్నచోట వైద్యులు పరగడుపున, భోజనం తర్వాత చేసే గ్లూకోజు పరీక్షలను, ఫ్రక్టోసమైన్ వంటి పరీక్షలను కలిపి చూస్తారు. సికిల్ సెల్ పరీక్ష ఒక్కసారి చేయించుకుంటే జీవితాంతం పనికొచ్చే సమాచారం చేతికొస్తుంది.

తినేవారు గుర్తుంచుకోవాల్సినవి

మామూలు ఆహారంగా ఉసిరికాయ తినడానికి మధుమేహ రోగులు భయపడనక్కర లేదు. పచ్చికాయ, పప్పులో వేసిన కాయ, ఉప్పు తక్కువగా పెట్టిన పచ్చడి బాగానే ఉంటాయి. మురబ్బా మాత్రం చక్కెర పాకంలో ఊరిన కాయ. పేరులో ఉసిరి ఉన్నంత మాత్రాన అది మధుమేహానికి పథ్యం కాదు. సీసా రసాల్లోనూ చక్కెర కలిపారేమో చీటీ మీద చూసుకోవాలి.

ఉసిరి సారం, పొడి వంటివి మందులా రోజూ తీసుకునేవారు ఆ విషయం డాక్టరుకు చెప్పాలి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారిలో చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంటుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దానికి గుర్తులు. జీ6పీడీ లోపం ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు విటమిన్ సి అధికంగా ఉండే రసాలను ఎక్కువ మోతాదులో సొంతంగా మొదలుపెట్టకూడదు.

మరి ఉసిరికి విలువ లేదా? ఉంది. ఆల్డోజ్ రిడక్టేజ్‌ను అడ్డుకునే ఎపాల్‌రెస్టాట్ అనే మందును మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నవారికి జపాన్‌లో, మన దేశంలో ఇప్పటికే వాడుతున్నారు. అదే ఎంజైము మీద పనిచేసే పదార్థం మన అడవుల్లో కాసే కాయలో ఉందని తార్నాక ప్రయోగశాల చూపింది. దాన్ని మందుగా నిలబెట్టాలంటే వేలమంది మీద, ఏళ్ల తరబడి పరీక్షలు జరగాలి. సికిల్ సెల్ జన్యువు, జీ6పీడీ లోపం ఎక్కువగా ఉన్న ప్రాంతాల ప్రజలనూ ఆ పరీక్షల్లో చేర్చాలి. కాయ సేకరించే అడవి ఉన్నదీ, ఆ జన్యువు విస్తరించి ఉన్నదీ ఒకే నేల మీద. ఆ పరీక్షలకు ఛత్తీస్‌గఢ్ కన్నా తగిన చోటు దొరకడం కష్టం.

అంతదాకా బీర్‌గావ్‌లో గానీ బెజవాడలో గానీ పాటించాల్సిన పద్ధతి సులువైనదే. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనం చేయవచ్చు, విస్తరిలో ఉసిరి పచ్చడీ వేసుకోవచ్చు. భోజనానికి ముందు వేసుకోవాల్సిన మాత్ర మాత్రం మరిచిపోకూడదు.